కాబ్రా కొండ మీద ఎర్లిండా

ఎర్లిండా చేతి మీద కమిలిన మచ్చను మొదట చూసింది ఆమె ఆడపడుచు డెల్ఫీనా. ప్రతి శుక్రవారం లాగే ఆ శుక్రవారం కూడా జుట్టుకి రోలర్లు చుట్టించుకోవడానికి వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి తల నీళ్లతొట్టిలో పెట్టింది. ఎర్లిండా వంగి షాంపూ రుద్దుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి నుంచి భుజం దాకా ముదురు వంకాయ రంగు.

"అదేంటే?"

"నిచ్చెన మీంచి జారాను వదినా."

"ఏ నిచ్చెన?"

"ఏదో ఒక నిచ్చెన. కళ్లు మూసుకో, నురగ పడుతుంది."

డెల్ఫీనా కళ్లు మూసుకుంది. ఇంకేమీ అడగలేదు. జుట్టు ఆరి, తలనిండా స్ప్రే కొట్టించుకున్నాక మాత్రం నడిమి తలుపు తోసుకుని మావైపు వచ్చి మిషన్ల మధ్య నిలబడింది.

"చేలో, ఈ సెలూన్లో నిచ్చెన ఎప్పుడైనా చూశావా?"

"నాకు బట్టలతోనే సరిపోతోంది డెల్ఫీనా. నన్నడక్కు," అన్నాను.

నా పేరు చేలో, నాది పక్క లాండ్రీ. రెండిటికీ మధ్య ఉన్నది పల్చటి గోడ. బట్టలు మిషన్లో తిరుగుతున్నంతసేపూ జనం అటు వెళ్లి కూర్చుంటారు, జుట్టు ఆరుతున్నంతసేపూ ఇటు వచ్చి నిలబడతారు. అందుకని మా ఊరు సాన్ లాజరోలో ఏ మాట పుట్టినా ముందు నా చెవిన పడుతుంది. ఈ కథలో నేను కళ్లారా చూసింది కొంత, డెల్ఫీనా నోటి వెంట విన్నది కొంత.

ఎర్లిండాకి అప్పుడు యాభై మూడేళ్లు. ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. చర్చిలో కూడా వెనక వరస దగ్గర నిలబడేది. సెలూన్ గోడలకి ఏడాదికోసారి కొత్త రంగు వేసేది. అద్దాలు ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చేది, మళ్లీ వెనక్కి మార్చేది. ఫోన్ వస్తే మాట్లాడుతూ వీధి చివరిదాకా పోయి వచ్చేది. రోజంతా నిలబడి చేసే పనే కదా, కాళ్లు లాగవా అంటే, "నిలబడితే ఏం లాభం చేలో, ఎక్కడికీ పోవట్లేదుగా," అనేది.

పిల్లలు కలగలేదు. మొగుడు ఫెర్మిన్ రాగి గనిలో ఇంటంత ఎత్తు ట్రక్కు తోలేవాడు. ఏళ్ల తరబడి ఆ కుదుపులకి నడుము పోయింది. పని మానేసి ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. నడుము కింద దిండు, ఎదురుగా టీవీ. మంచివాడు, మెత్తనివాడు, మాట తక్కువ. అయితే కదలకుండా ఉండలేని మనిషికి కదలని మనిషితో ఒకే కప్పు కింద ఊపిరాడదు. ఆమె వంటింట్లోకి వెళ్తే "ఎక్కడికి?" అనేవాడు. పెరట్లోకి వెళ్లినా "ఎక్కడికి?" అనేవాడు.

"ఎక్కడికీ లేదు ఫెర్మిన్. ఇక్కడికే."

చలికాలం వస్తే మా ఊరికి సైకిళ్లవాళ్లు వస్తారు. ఊరి వెనక కాబ్రా కొండని చుట్టివచ్చే కాలిబాట ఒకటి ఉంది. కాబ్రా అంటే మేక. మేకలు నడవాల్సిన చోట వీళ్లు లావు టైర్ల సైకిళ్లు తొక్కుతారు. ఒక ఏడు అలా వచ్చిన ఒకావిడ జుట్టు పొట్టిగా కత్తిరించమని సెలూన్లో కూర్చుంది. చెవుల్లో కూడా ఎర్రదుమ్ము.

"అంత దూరం నుంచి వచ్చి ఆ రాళ్లలో ఏం చూస్తారమ్మా?" అంది ఎర్లిండా.

"ఏమీ చూడను. చూస్తే పడతాను. ముందు చక్రం ఎదురుగా ఉన్న రాయి తప్ప బుర్రలో ఇంకేదీ ఉండదు. నాకు కావలసింది అదే."

ఆ మాట విని ఎర్లిండా కత్తెర ఆపింది. గోడ ఇవతల నాకు ఆ చప్పుడు ఆగడం గుర్తుంది, ఎందుకంటే ఆమె కత్తెర మధ్యలో ఎప్పుడూ ఆగదు.

మరుసటి సోమవారం సెలూన్‌కి సెలవు. ఊరి చివర పాత పెట్రోలు బంకులో వెండెల్ అనే పెద్దాయన సైకిళ్లు అద్దెకిస్తాడు, బాగు చేస్తాడు. సన్నగా పొడుగ్గా, ముందు పన్ను ఒకటి లేకుండా ఉంటాడు. మా ఊళ్లో పాతికేళ్లుగా ఉన్నా ఇంకా బయటివాడి కిందే లెక్క. ఎర్లిండా వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"అద్దెకా?"

"నేర్చుకోవడానికి."

"ఎవరు?"

"నేనే."

వెండెల్ ఆమెను కింద నుంచి పైదాకా చూసి, "ఆ చెప్పులు మార్చుకుని రండి," అన్నాడు.

బంకు వెనక ఖాళీ స్థలంలో పలకలు, ఇటుకలు పేర్చి ఆయన ఆమెకి నేర్పాడు. రాయిని చూడొద్దు, రాయిని చూస్తే చక్రం రాయి మీదికే పోతుంది, పక్కనున్న సందుని చూడండి అనేవాడు. ముందు బ్రేకు మీద ఒక్క వేలే ఉంచండి, గట్టిగా పట్టుకుంటే సైకిలు ఆగుతుంది, మీరు ఆగరు అనేవాడు. "మోచేతులు వంచండమ్మా. ఇస్త్రీ బల్లలాగా బిగుసుకుపోతే ఎలా." ఇటుక మీంచి దిగడం వచ్చాక కొండకి తీసుకెళ్లాడు.

బాట నీళ్ల ట్యాంకు దగ్గర మొదలవుతుంది. ముందు మెలికలు మెలికలుగా ఎక్కుడు. మనిషికి మూడు నాలుగు నిలువుల సగువారో జెముళ్లు చేతులెత్తి నిలబడి ఉంటాయి, వాటి మధ్య నుంచి ఎక్కాలి. ప్రతి మెలిక దగ్గరా వదులు రాళ్లు. పైన కొండ మెడ మీద కాస్త చదును, ఆపైన ఒకపక్క లోయలోకి దిగిపోయే సన్నటి అంచు. అంచు దాటితే దిగుడు. దాన్ని ఎస్కలేరా అంటారు, నిచ్చెన అని అర్థం. బండరాళ్లు మెట్లలాగా ఒకదాని కింద ఒకటి. ఆఖరి మెట్టు నడుమెత్తు ఉంటుంది, దాని కింద కుడిపక్కన చోయా పొదలు. చోయా జెముడు ముట్టుకోకుండానే అంటుకుంటుంది. అంటుకుంటే వేళ్లతో లాగకూడదు, వేళ్లకీ అంటుకుంటుంది. నిచ్చెన దిగితే ఎండిన వాగు, లోతు ఇసుక. వాగు వెంట వస్తే మళ్లీ ట్యాంకు.

మొదటిసారి ఆమె తొక్కిన దానికంటే తోసిందే ఎక్కువ. చోయా ముళ్ల బంతి ఒకటి పిక్కకి కరుచుకుంటే, "సెలూన్ మనిషి దగ్గర దువ్వెన లేదా?" అన్నాడు వెండెల్. ముళ్లబంతి కిందికి దువ్వెన పోనిచ్చి ఒక్క విదిలింపు. ఆనాటి నుంచి వెనక జేబులో వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి పెట్టుకునేది.

సోమవారాలు సరిపోలేదు. తెల్లవారుజామునే లేచి వెళ్లి సెలూన్ తెరిచే వేళకి వచ్చేసేది. సైకిలు వెండెల్ దగ్గరే పెట్టేది. కొండకి వెళ్లివచ్చిన రోజున ఆమె వేరే మనిషి. కస్టమర్ తల ముందు నింపాదిగా నిలబడేది, మాటకి మాట నవ్వుతూ చెప్పేది. మర్నాటికల్లా వేళ్లు కుర్చీ వెనక దరువేయడం మొదలెట్టేవి. కిటికీలోంచి కొండ కనబడకుండా కర్టెన్ వేసేది. కాసేపటికి తనే తీసేది.

ఫెర్మిన్‌కి చెప్పలేదు. గనిలో అతని కళ్లముందే ఒక స్నేహితుడి ట్రక్కు అంచు దాటి దొర్లిపోయింది. అప్పటినుంచి ఎవరైనా ఎత్తులో నిలబడితే అతను చూడలేడు. బల్బు మార్చడానికి ఆమె స్టూలు ఎక్కితే నడుము నొప్పి మర్చిపోయి లేచొచ్చేవాడు. అందుకని, చర్చి ఆడవాళ్లతో నడకకి పోతున్నానని చెప్పింది. అతను తలూపాడు. ఊళ్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో బిగుతు లాగు తొడుక్కుని కొండలెక్కుతోందిట అని నవ్వుతారని ఒక భయం. అది తన ఒక్కదానిదే అయిన వస్తువు, చెప్తే అరిగిపోతుందని ఇంకో భయం. ఈ రెండోది తర్వాత ఎప్పుడో నాతో అంది.

అలా మచ్చలు మొదలయ్యాయి. ఎవరైనా అడిగితే ఒకసారి నిచ్చెన, ఒకసారి స్నానాల గది, ఒకసారి కారు తలుపు. అన్నీ అయిపోయాక మళ్లీ నిచ్చెన. ఒకావిడ జుట్టుకి రంగు వేయించుకుంటూ ఎర్లిండా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. ఏ వేళప్పుడైనా సరే," అంది.

"అలాగే, ఎవరైనా అద్దెకి అడిగితే చెప్తాలే," అంది ఎర్లిండా.

ఆమెకి తట్టలేదు. ఊరు ఫెర్మిన్‌ని చూసే చూపు మాత్రం మారిపోయింది. శనివారం బార్లో అతను కూర్చోగానే పాత గని నేస్తాలిద్దరు సీసాలు తీసుకుని వేరే బల్లకి వెళ్లిపోయారు. తోర్తియా రొట్టెల కొట్లో అమ్మాయి పొట్లం చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది. చర్చి ఫాదర్ వాళ్లింటికొచ్చి కాఫీ తాగి కోపం గురించి చాలాసేపు మాట్లాడాడు.

"నాకు కోపం రాదు ఫాదర్," అన్నాడు ఫెర్మిన్.

"అందరికీ వస్తుంది నాయనా."

ఇక డెల్ఫీనా ఆగలేకపోయింది. ఒక ఆదివారం పొద్దున్నే పెద్ద గిన్నెనిండా మెనూదో సూపు పట్టుకుని తమ్ముడింటికి వెళ్లింది. గిన్నె బల్ల మీద పెట్టి టీవీ కట్టేసింది.

"లేవరా."

"నడుం పట్టేసింది అక్కా."

"చెయ్యి లేపడానికి మాత్రం పట్టెయ్యలేదా?"

ఫెర్మిన్‌కి అర్థం కాక ఆమె మొహంలోకి చూశాడు.

"మన నాన్న అమ్మ మీద చెయ్యి చేసుకునేవాడు. నువ్వు బల్ల కింద దూరేవాడివి. నేను నీ చెవులు మూసేదాన్ని. అంత చేసి పెంచితే నువ్వూ అలాగే తయారయ్యావా? ఆ పిల్ల ఒళ్లు చూశావా? ఊరంతా చూసింది."

ఫెర్మిన్ తన చేతుల కేసి చూసుకున్నాడట. తర్వాత, "నేను కాదక్కా," అన్నాడు.

"మరెవరు?"

"తెలీదు. నేనూ అదే అనుకుంటున్నా ఇన్నాళ్లుగా."

అప్పుడే తలుపు తీసుకుని ఎర్లిండా వచ్చింది. గడ్డం మీద కొత్త గీత, బూట్లనిండా ఇసుక. గదిలో ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగింది.

"వాడెవడు ఎర్లిండా?" అన్నాడు ఫెర్మిన్.

"ఎవడు?"

"చర్చి ఆడవాళ్లెవరూ నడకకి పోవట్లేదని నాకెప్పుడో తెలుసు. చీకటితో వెళ్తావు. మొహం వెలిగిపోతూ వస్తావు. ఒళ్లంతా దెబ్బలు. కొట్టినా సరే వాడి దగ్గరికే పోతున్నావంటే..."

ఎర్లిండా అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. తనంతట తాను ఆమె కూర్చోవడం చూడటం అదే మొదలని డెల్ఫీనా చెప్తుంది.

"సైకిలు," అంది ఎర్లిండా. "వెండెల్ దగ్గర నేర్చుకున్నా. నీకు చెప్పింది అబద్ధం కాదు వదినా. నిచ్చెన మీంచే పడ్డాను. కాబ్రా కొండ మీది నిచ్చెన."

ఫెర్మిన్ కిటికీలోంచి కొండ వైపు చూశాడు.

"మగాడైతే వెళ్లి నాలుగు అడిగేవాణ్ణి. కొండనేం అడగను?" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "ఎన్నాళ్లబట్టి?"

"పోయిన చలికాలం నుంచి."

"పోయిన చలికాలం నుంచి నేనీ కుర్చీలో కూర్చుని..."

"అడగొచ్చుగా ఫెర్మిన్."

"అడిగితే ఔనంటావేమోనని."

మెనూదో ఆ రోజు ఎవరూ తినలేదు.

దాచేదేముంది ఇక అని ఎర్లిండా మంగళవారం సెలూన్లో అందరి ముందూ చెప్పేసింది. ఒక్కరూ నమ్మలేదు. వినేటప్పుడు తలూపారు, నడిమి తలుపు దాటి మావైపు రాగానే, "పాపం, మొగుణ్ణి కాపాడుకుంటోంది," అన్నారు. ఎండాకాలంలో కూడా మోకాలి నొప్పులంటూ మందు రాయించుకునే మనిషి కాబ్రా కొండ తొక్కడమేంటి అన్నారు. వెండెల్ సాక్ష్యం చెప్తే ఆయన బయటివాడు. ఫెర్మిన్ ఆ వారం గుమ్మం దాటలేదు.

శుక్రవారం రోలర్లు చుట్టించుకుంటూ డెల్ఫీనా అద్దంలోంచి ఆమె కళ్లలోకి చూసింది. "చూపించు."

"ఏంటి?"

"నువ్వు తొక్కడం. నాకు నమ్మకముంది అనుకో. వీళ్ల నోళ్లు మూతపడాలి. వాడు నా తమ్ముడు, వాడి మీద పడిన మచ్చ ఇది."

జీపు దారి ఒకటి నిచ్చెన ఎదురుగా కాస్త దూరం దాకా పోతుంది. ఆదివారం చర్చి అయ్యాక డెల్ఫీనా నలుగురు ఆడవాళ్లని తన వ్యానులో ఎక్కించుకుంది. నేనూ ఎక్కాను. ఫెర్మిన్ తన ట్రక్కులో వెనకాలే వచ్చాడు. అక్క బలవంతం మీద వచ్చాడు. అక్కడ దిగి బానెట్‌కి ఆనుకుని చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. కొండ వైపు తలెత్తలేదు.

ఎండ ఎక్కుతోంది. చర్చి బట్టల్లో, ఎత్తు మడమల చెప్పుల్లో రాళ్ల మీద నిలబడి ఉన్నాం. పైన అంచు మీద ఒక చుక్క కదిలింది. ఎరుపు చొక్కా. ఒకావిడ, "అది ఎవరో మగపిల్లాడులా ఉన్నాడే," అంది. చుక్క పెద్దదవుతూ వచ్చింది. సీటు మీంచి లేచి, నడుము వెనక్కి తోసి, మోచేతులు వంచి, ఎర్లిండా నిచ్చెన మొదటి బండ మీంచి దిగింది. టైరు రాతి మీద పడ్డ చప్పుడు మాదాకా వినబడింది. రెండో బండ. మూడోది. డెల్ఫీనా నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగబడ్డాయి.

ఆఖరి మెట్టు ఆమె ఎప్పుడూ తొక్కలేదు. ఎప్పుడూ దిగి సైకిలు భుజాన వేసుకుని దాటేది. ఆ రోజు కూడా దిగాలనే అనుకుందిట. మమ్మల్ని చూసింది, మా మొహాల్లో నమ్మకం చూసింది, అది చాలనుకుంది. అప్పుడు ఫెర్మిన్ కనిపించాడు, నేల చూస్తూ. అతను తలెత్తి తన వైపు చూడాలనిపించింది. దిగలేదు.

ముందు చక్రం గాల్లోకి వెళ్లింది. ఒక క్షణం దిగిపోతుందనే అనుకున్నాం. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది, సైకిలు నిలబడిపోయింది, ఆమె హ్యాండిల్ మీంచి ఎగిరి కుడిచెయ్యి ముందు పెట్టి చోయా పొదలో పడింది.

అరిచింది మేమే. ఆమె అరవలేదు. నా పక్కనుంచి ఎవరో పరుగెత్తారు. చూస్తే ఫెర్మిన్. మూడేళ్లుగా లేచి నిలబడాలంటే గోడ పట్టుకునే మనిషి బండల మీద చేతులు, మోకాళ్లు ఆన్చుకుంటూ ఎక్కిపోతున్నాడు. మేం చేరేసరికి ఆమె జేబులోంచి దువ్వెన తీసి భుజం మీది ముళ్లబంతులు ఒక్కోటీ విదిలిస్తున్నాడు.

"తిన్నగా కూర్చో," అంటున్నాడు.

"చూశావా?" అంది ఎర్లిండా.

"ఏం చూడాలి? కదలకు."

"నిచ్చెన దిగడం చూశావా?"

"పడటం చూశా."

డెల్ఫీనా శిలువ గుర్తు వేసుకుని వెంట వచ్చిన వాళ్ల వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి. మా వాడు కొడితే ఇంత దెబ్బ తగులుతుందా?" అంది. ఎర్లిండాకి ఒక్కదానికే నవ్వొచ్చింది, నవ్వితే చెయ్యి నొప్పి పుట్టి ఏడ్చింది.

కుడి మణికట్టు ఎముక విరిగింది. మోచేతి దాకా కట్టు కట్టారు. కత్తెర పట్టేది ఆ చేత్తోనే కాబట్టి సెలూన్ మూసేశారు.

ఆ వారాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఊరంతా సిగ్గుపడి మొక్కజొన్న తామలేలు, బీన్సు, పళ్లు మోసుకొచ్చింది. ఫ్రిజ్ తలుపు మూతపడలేదు. బార్లో పాత నేస్తాలు ఫెర్మిన్ ముందు బీరు సీసా పెట్టారు. అతను దాన్ని అలాగే వదిలి లేచొచ్చేశాడు. మళ్లీ ఆ బార్లో అడుగు పెట్టలేదు, ఇవాళ్టికీ పెట్టడు. ఎర్లిండా ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేది. ఎడమచేత్తో గిన్నెలన్నీ దింపి మళ్లీ పేర్చేది. సాయంత్రం నా దగ్గరికొచ్చి తిరుగుతున్న మిషన్ల ముందు నిలబడి గుండ్రటి అద్దంలోకి చూస్తూ ఉండేది.

"ఇవి కూడా తిరుగుతున్నాయి చేలో," అంది ఒకసారి.

"కూర్చోవే."

"నువ్వు కూర్చో."

వింతేంటంటే ఫెర్మిన్ కూడా ఇంట్లో ఉండటం మానేశాడు. పొద్దున్నే ట్రక్కు తీసుకుని వెళ్లేవాడు. "ఎక్కడికి?" అని ఇప్పుడు ఆమె అడిగేది. "తోర్తియాలు తేవడానికి," అనేవాడు. మధ్యాహ్నానికి దుమ్ము కొట్టుకుని, తోర్తియాలు లేకుండా వచ్చేవాడు.

ఒకరోజు వెండెల్ సెలూన్ తలుపు మూసి ఉంటే నా లాండ్రీలోకి వచ్చాడు. ఎర్లిండా అక్కడే ఉంది. ఆయన అంత కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"మీ ఆయన ఏం చేశాడో తెలుసా?"

"ఏం చేశాడు?"

"నిచ్చెన ఆఖరి మెట్టుకి కింద రాళ్లు పేర్చాడు. గని మనిషి కదా, పని పక్కాగా చేశాడు. అక్కడ మెట్టు లేదిప్పుడు. చంటిపిల్లల ఉయ్యాలబండి తోసుకుంటూ దిగొచ్చు. ఆ మెట్టు కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారమ్మా. నిన్న ఒక కుర్రాడు చూసి తల పట్టుకుని కూర్చున్నాడు."

ఎర్లిండా మొహం ఎర్రబడింది. కట్టు ఉన్న చేత్తోనే తలుపు తోసుకుని వెళ్లిపోయింది. నేను మిషన్లు వదిలి వెంట నడిచాను, ఆమె ఉన్న తీరు చూసి వదలబుద్ధి కాలేదు.

ఫెర్మిన్ పెరట్లో బూట్లు దులుపుకుంటున్నాడు.

"నా మెట్టు నాకిచ్చెయ్," అంది.

అతనికి వెంటనే అర్థమైంది. "ఇప్పుడు పడవు. దాని మీంచి ఎవ్వరూ పడరు."

"పడకపోతే నేనెందుకు వెళ్లడం?"

"అదేం మాట?"

"నాకూ తెలీదు ఏం మాటో. అక్కడికొచ్చేసరికి ఇంకేం గుర్తుండదు ఫెర్మిన్. ఈ ఇల్లు, ఆ టీవీ, పుట్టని పిల్లలు, నువ్వు, ఏదీ. అది పూడ్చేస్తే అన్నీ నాతోపాటు కిందికి వచ్చేస్తాయి."

ఫెర్మిన్ బూటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేను కూడానా?" అన్నాడు.

"నువ్వు కూడా. కాసేపే."

అతను మెట్ల మీద కూర్చుని బూటు మళ్లీ తొడుక్కున్నాడు. షెడ్డులోంచి గునపం తీసి ట్రక్కులో వేశాడు. "ఒక్కడి వల్ల కాదు. పేర్చడం తేలిక, పీకడం కష్టం," అన్నాడు. ఆమె ఎక్కి పక్కన కూర్చుంది. రెండు మూడు పొద్దులు ఇద్దరూ అక్కడే గడిపారు. అతను గునపంతో ఎత్తితే ఆమె ఎడమచేత్తో రాళ్లు దొర్లించేది. ఇంట్లో ఎన్నేళ్లలోనూ అన్ని మాటలు మాట్లాడుకోలేదని ఆమె చెప్పింది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏ రాయి ముందు తియ్యాలా అని," అంది. వెండెల్ వచ్చి చూసి, ఒక రాయి అటు జరిపించి, ఒప్పుకున్నాడు.

కట్టు విప్పాక మణికట్టు పూర్తిగా వంగలేదు. చలి రోజుల్లో కత్తెర బరువనిపిస్తుంది, అందుకని మధ్యమధ్యలో ఆపుతుంది. సైకిలెక్కొద్దని డాక్టరు అంది. ఎర్లిండా వింది, తలూపింది, వానలు వెనకబట్టగానే ఎక్కింది. ఆఖరి మెట్టు దగ్గర కొన్నిసార్లు దిగి నడుస్తుంది, కొన్నిసార్లు తొక్కుతుంది. ఎన్నిసార్లు తొక్కిందో, ఎన్నిసార్లు పడిందో ఫెర్మిన్ అడగడు. ఆమె చెప్పదు. మచ్చ కనిపిస్తే సెలూన్లో ఆడవాళ్లు ఇప్పుడు, "ఏ మెట్టు?" అంటారు. డెల్ఫీనా అయితే తన తల ఆరేలోపు మొత్తం దారి చెప్పించుకుంటుంది, ఎక్కడ జారింది, ఎలా ఆపింది, చక్రం ఎటు తిరిగింది. ఒకసారి బంకు వెనక ఇటుకల దగ్గర ఆమె వ్యాను ఆగి ఉండగా చూశాను. ఎందుకెళ్లావని నేనడగలేదు.

ఫెర్మిన్ పొద్దున్నే ఆమెను ట్యాంకు దగ్గర దింపుతాడు, వచ్చేదాకా అక్కడే ఉంటాడు. పోయిన నెల నా మిషన్ ఒకటి చెడిపోయి పని లేకపోతే నన్నూ తీసుకెళ్లాడు. ఆమె మెలికల్లోకి వెళ్లి కనబడకుండా పోగానే అతను ట్రక్కు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. ట్యాంకు దాకా వెళ్లాడు, వచ్చాడు. వాగు గట్టు ఎక్కి చూశాడు. దిగాడు. టైర్లు తన్ని చూశాడు. ట్రక్కు వెనక తొట్టిలోంచి ఫ్లాస్కు తీసి మూత విప్పకుండా మళ్లీ పెట్టాడు.

"కూర్చో ఫెర్మిన్. నాకు తల తిరుగుతోంది," అన్నాను.

"నడుముకి మంచిది నడవడం. డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

అతను వినిపించుకోలేదు. ఎండ కొండ మెడ మీదికి వచ్చింది, అంచు మీదికి వచ్చింది. పైన ఎక్కడో రాయి ఒకటి దొర్లిన చప్పుడుకి అతను నిలబడిపోయాడు. మళ్లీ నడిచాడు. ఆ నడక చూస్తుంటే నా కాళ్లలో కూడా ఏదో మొదలైంది, నేనూ లేచాను. ఇద్దరం గట్టు మీద చెరోవైపు నడుస్తున్నాం.

వాగులో ఇసుక లేచింది. ఎర్లిండా వచ్చింది. మొహం నిండా చెమట, దుమ్ము, మోచెయ్యి దగ్గర చిన్న గీత. ఫెర్మిన్ ఫ్లాస్కు తీశాడు, మూత విప్పి కాఫీ ఒంపాడు, కప్పు పట్టుకుని గట్టు దిగాడు. ఆమె వేగం తగ్గించింది కానీ ఆపలేదు. అతని పక్కనుంచి పోతూ, పెడల్ మీద కాలు తియ్యకుండా, "ఇంకొక్క చుట్టు," అంది. మెలికల వైపు తిరిగి ఎక్కడం మొదలెట్టింది.

ఫెర్మిన్ కప్పు పట్టుకుని ఆమె వెనకాలే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ కాఫీ నాకిచ్చి మళ్లీ గట్టు ఎక్కాడు.